వెంటాడే వెలుగుకు దూరమెంత?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో రాత్రి ఆకాశంలో కనబడే వెలుగుల గురించినవి ఎక్కువ. ఒకే రకంవి కలిపేసి జవాబిస్తున్నాం.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధంలో సుమత్రా మీద బాంబులు వేసి వస్తున్న ఒక అమెరికన్ విమానం పక్కనే ఎర్రటి గోళం ఎనిమిది నిమిషాలు ఎగిరిందనీ, పైలట్ ఎంత తప్పించుకోబోయినా వదల్లేదనీ చదివాను. గ్రహాంతరవాసుల వాహనమేనని కొందరు, శుక్రగ్రహమని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి? – డిగ్రీ విద్యార్థి, అమలాపురం

జవాబు: రెండూ నమ్మక్కర్లేదు. ముందు జరిగిందేమిటో చూడండి. 1944 ఆగస్టు 10–11 రాత్రి శ్రీలంకలో ట్రింకోమలీ పక్కనున్న చైనా బే నుంచి యాభైకి పైగా బీ-29 విమానాలు లేచి సుమత్రాలోని పాలెంబాంగ్ చమురు శుద్ధి కేంద్రాల మీదికి వెళ్లాయి. వాటి సొంత స్థావరాలు ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఉండేవి. ఖరగ్‌పూర్ నుంచి చైనా బేకి మ్యాపు మీద గీత గీస్తే అది కాకినాడకు తూర్పున సుమారు 280 కిలోమీటర్ల దూరంలో సముద్రం మీదుగా పోతుంది. కాబట్టి ఈ కథ మనకు మరీ పరాయిదేమీ కాదు.

ఆ విమానాల్లో ఒకదాని పైలట్ కెప్టెన్ ఆల్వా రీడా. ఆయన చెప్పిన ప్రకారం విమానం 14,000 అడుగుల ఎత్తులో ఉంది. వేగసూచి గంటకు 210 మైళ్లు చూపిస్తోంది. పైన మబ్బు కప్పేసి ఉంది, కింద విడివిడి మబ్బులు. లక్ష్యం దాటిన 20–30 నిమిషాలకు కుడివైపు గన్నరూ కో-పైలటూ ఒక వెలుగును చూశారు. అది ఎరుపో నారింజో, చుట్టూ కాంతివలయం, కొట్టుకుంటున్నట్టు మిణుకు. వెనక కుడివైపు, అయిదు గంటల దిక్కు నుంచి వచ్చి 500 గజాల దూరంలో రెండు గంటల దిక్కున నిలబడింది. (విమానం ముక్కును 12గా పెట్టుకుని గడియారం ముల్లు లెక్కన దిక్కు చెప్పడం పైలట్ల అలవాటు. రెండు గంటలంటే ముక్కుకు కుడిపక్క 60 డిగ్రీలు.) వ్యాసం అయిదారు అడుగులు. పైలట్ దిశను 90 డిగ్రీల దాకా, ఎత్తును 2,000 అడుగుల దాకా మార్చి మార్చి చూశాడు. ఎనిమిది నిమిషాలు అది ఆ స్థానం వదల్లేదు. చివరికి చటుక్కున తిరిగి పైకి లేచి మబ్బులో కలిసిపోయింది.

ఇందులో అన్నిటికన్నా అనుమానించాల్సినవి 500 గజాలు, అయిదారు అడుగులు అనే రెండు అంకెలు. చీకట్లో ఒంటరి వెలుగుకు కన్ను కొలవగలిగింది ఒక్కటే, అది కంటి దగ్గర చేసే కోణం. అయిదారు అడుగుల వస్తువు 500 గజాల దూరంలో ఉంటే ఆ కోణం డిగ్రీలో అయిదో వంతు వస్తుంది, అంటే నిండు చందమామ వెడల్పులో సగానికి కాస్త తక్కువ. అదే కోణం 5 కిలోమీటర్ల దూరానున్న 18 మీటర్ల వస్తువుకూ వస్తుంది, 50 కిలోమీటర్ల దూరానున్న 180 మీటర్ల మబ్బు ముక్కకూ వస్తుంది. ఏది నిజమో కన్ను చెప్పలేదు. మన రెండు కళ్ల మధ్య ఎడం ఆరున్నర సెంటీమీటర్లు. పగలు, చెట్టూ చేమా ఆనవాలుగా ఉన్నప్పుడే ఆ ఎడంతో కొన్ని వందల మీటర్లు దాటి దూరం పసిగట్టలేం. రాత్రి సంగతి చెప్పేదేముంది!

బీ-29లో మంచి గురిపెట్టే యంత్రం ఉంది కదా, అది దూరం చెప్పదా అని మీరు అడగొచ్చు. చెప్పదు. ఆ గురికంటిలో గన్నర్ ముందుగా శత్రు విమానం రెక్కల వెడల్పు ఎంతో మీట తిప్పి పెట్టాలి. ఆ తర్వాత కంటి ముందున్న చుక్కల వలయాన్ని ఆ రెక్కలకు సరిపెడితే యంత్రం దూరం లెక్కగడుతుంది. వెడల్పు తెలిస్తేనే దూరం, దూరం తెలిస్తేనే వెడల్పు. తెలియని గోళం ముందు అంత ఖరీదైన యంత్రమూ మన కంటిలాగే చేతులెత్తేస్తుంది. విమానంలోని రాడార్ కింద నేలను చూసేందుకు పెట్టింది, పక్కన ఎగిరేవాటిని వెతికేందుకు కాదు.

అయితే రీడా చెప్పినదాంట్లో దూరంతో పనిలేని ముక్క ఒకటుంది. విలువైనది అదే. విమానం ఎటు తిరిగినా వెలుగు రెండు గంటల దిక్కునే ఉంది. శుక్రుడో నక్షత్రమో దూరపు దీపమో అయితే ఇలా ఉండదు. రెండు గంటల దిక్కున నక్షత్రం ఉందనుకోండి. విమానాన్ని 90 డిగ్రీలు ఎడమకు తిప్పితే ఆ నక్షత్రం అయిదు గంటల దిక్కుకు పోతుంది. కుడికి తిప్పితే 11కు వచ్చేస్తుంది. కాబట్టి శుక్రగ్రహమన్న వాదన ఇక్కడ చెల్లదు.

చంద్రుణ్ణి కూడా చూసి పక్కన పెడదాం. 1944 జూలై 20న సూర్యగ్రహణం, అంటే ఆషాఢ అమావాస్య. అక్కణ్ణుంచి లెక్కేస్తే ఆగస్టు 10–11 రాత్రి శ్రావణ బహుళ సప్తమి, అష్టమి దరిదాపు. కృష్ణాష్టమి రాత్రి చంద్రుడు ఎప్పుడొస్తాడో మన ఇళ్లలో చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి దరిదాపుల్లో, తూర్పున, ఎర్రగా, సగం బింబంతో. సుమత్రా నుంచి శ్రీలంక వైపు వాయవ్యంగా వస్తున్న విమానానికి తూర్పు కుడి వెనక్కి పడుతుంది, గన్నర్ మొదట చూసిన అయిదు గంటల దిక్కుకు దగ్గరగా. ఈ పోలిక ఆసక్తికరమే. కానీ విమానం మెలికలు తిరుగుతుంటే చంద్రుడు రెండు గంటల దగ్గర కాపలా కాయడు. పైగా మబ్బు ఉంది. మొదటి చూపు వరకు చంద్రుడు సాయం చేశాడేమో గానీ, ఎనిమిది నిమిషాలకు సరిపోడు.

విమానంతో పాటు తిరిగే వెలుగు విమానానికి కట్టేసి ఉన్నదై ఉండాలి, లేదా నిజంగా వెంట ఎగిరేదై ఉండాలి. కట్టేసి ఉన్నవాటిలో మొదటిది అద్దంలో ప్రతిబింబం. గన్నర్ కూర్చునేది వెనక భాగంలో పొంగిన గుండ్రటి అద్దం దగ్గర, కో-పైలట్ ఉండేది ముక్కులో. ఒకే దీపం రెండు వేర్వేరు అద్దాల్లో ఒకే చోట కనబడటం కష్టం. రెండోది రెక్క కొసన విద్యుత్ మెరుపు. అదయితే ముక్కులో ఉన్నవాడికి వెనక కుడివైపు, నడుం దగ్గర ఉన్నవాడికి ముందు కుడివైపు కనబడాలి. ఇద్దరూ ఒకే దిక్కు చెప్పారా, ఇద్దరి మాటా కలిపి పైలట్ ఒక దిక్కు చెప్పాడా అన్నది ఆయన కథనంలో లేదు. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆ ఇద్దరి మధ్య దూరం పదిహేను మీటర్లు అనుకుంటే, 500 గజాల్లో ఉన్న వస్తువు వాళ్లిద్దరికీ దాదాపు 2 డిగ్రీల తేడాతో కనబడాలి. ఇద్దరూ డిగ్రీల్లో దిక్కు రాసి ఉంటే 80 ఏళ్ల తర్వాత కూడా కాగితం మీద దూరం తేల్చేవాళ్లం. గడియారం దిక్కులో ఒక్కో అంకెకు 30 డిగ్రీలు, అందులో 2 డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి?

ఇంకొక చిన్న సవరణ. వేగసూచి చూపే 210 మైళ్లు అసలు వేగం కాదు. 14,000 అడుగుల్లో గాలి పలచన, అసలు వేగం అంతకు నాలుగో వంతు దాకా ఎక్కువ. గంటకు సుమారు 260 మైళ్లు, మన లెక్కలో 420 కిలోమీటర్లు. ఎనిమిది నిమిషాల్లో మెలికలు తిరుగుతూ 55 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం.

మా మాట: ఈ సంఘటనకు సరిపోయే వివరణ లేదు. వివరణ లేకపోవడం వేరు, వాహనమని తేలడం వేరు. దొరికిన సాక్ష్యం కొలత లేనిది, అంతే.

ప్రశ్న: యూరప్‌లోనూ ఇలాంటివే చూసి ఫూ ఫైటర్లు అన్నారట. అవి సెయింట్ ఎల్మో మంటలని అప్పుడే తేల్చేశారని మా సార్ చెప్పారు. నిజమా? – ఇంజనీరింగ్ విద్యార్థిని, భీమవరం

జవాబు: సెయింట్ ఎల్మో మంట (సూది మొనల దగ్గర విద్యుదావేశం కారిపోతూ వెలిగే వెలుగు) పేరు వినిపించిన మాట నిజమే, మీ సార్ అన్న "తేల్చేశారు" మాత్రం నిజం కాదు. 1944 నవంబరు ఆఖరులో అమెరికా 415వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్‌కు చెందిన బ్యూఫైటర్ విమానం ఒకటి రైన్ నది మీద, స్ట్రాస్‌బర్గ్‌కు 20 మైళ్ల దూరంలో ఎగురుతోంది. లోపల పైలట్ ష్లూటర్, రాడార్ చూసే మైయర్స్, వాళ్లతో వెళ్లిన నిఘా అధికారి రింగ్‌వాల్డ్. ఎనిమిది పది నారింజ వెలుగులు వరసగా కనిపించాయి. నేల మీది రాడార్‌ను అడిగితే అక్కడేమీ లేదంది, విమానంలో రాడార్ కూడా ఖాళీ. వెలుగుల వైపు తిరిగితే మాయమయ్యాయి, కాసేపటికి దూరంగా మళ్లీ కనబడ్డాయి. ఆ పేరు పెట్టింది మైయర్సే, అప్పటి ఒక పత్రిక బొమ్మల కథలోంచి తీసుకుని.

1953 జనవరిలో సీఐఏ పిలిచిన శాస్త్రవేత్తల సంఘం (రాబర్ట్‌సన్ అధ్యక్షుడు, భౌతిక శాస్త్రవేత్త ఆల్వరెజ్ సభ్యుడు) ఈ వెలుగుల గురించి రాసింది ఇంతే: సెయింట్ ఎల్మో మంట లాంటి స్థిర విద్యుత్ వ్యవహారమో, విద్యుదయస్కాంత వ్యవహారమో, గాలిలోని మంచు స్ఫటికాల మీద కాంతి పరావర్తనమో అయ్యుంటుందని భావించారు, కచ్చితమైన కారణం ఎన్నడూ నిర్ధారణ కాలేదు. అంటే మూడు ఊహలు, ఒక ఒప్పుకోలు.

సెయింట్ ఎల్మో మంటకు కొన్ని కచ్చితమైన గుణాలున్నాయి, వాటితో మీరే పరీక్షించొచ్చు. మబ్బులో, మంచు రేణువుల్లో, దుమ్ములో ఎగిరేటప్పుడు విమానం ఒంటికి విద్యుదావేశం పేరుకుంటుంది. ప్రొపెల్లర్ కొసలు, యాంటెన్నా, రెక్క అంచు లాంటి సూది మొనల దగ్గర అది గాలిలోకి కారిపోతుంది. ఆ వెలుగు నీలం, ఊదా రంగు, ఎందుకంటే వెలిగేది ప్రధానంగా నైట్రోజన్. అది మొనను వదిలి పోదు. హెడ్‌ఫోన్లలో గరగర ముందే మొదలవుతుంది. 1982 జూన్ 24న ఇండోనేషియాలో గలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిదలోకి దూరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ముందు అద్దాల మీద కనిపించింది ఇదే. ఈ రోజు విమానాల రెక్కల వెనక అంచున సన్నటి పుల్లల్లాంటివి వేలాడుతుంటాయి, చూసే ఉంటారు. ఆవేశం చప్పుడు లేకుండా కారిపోయేందుకే అవి. ఇప్పుడు పోల్చండి: నారింజ రంగు, దూరంగా వరసగా, విమానం తిరగ్గానే మాయం. ఒక్క గుణమైనా కలవలేదు.

అదే స్క్వాడ్రన్‌లో 1944 డిసెంబరు 22 ఉదయం 6 గంటలకు హాగెనౌ దగ్గర ఇంకొకటి. రెండు పెద్ద నారింజ వెలుగులు నేల వైపు నుంచి లేచి, 10,000 అడుగుల్లో ఉన్న విమానం తోక వెనక రెండు నిమిషాలు ఉండి, పక్కకు తిరిగి ఆరిపోయాయి. దీనికీ శుక్రుణ్ణి అంటగట్టినవాళ్లున్నారు. ఆ డిసెంబరులో శుక్రుడు సాయంకాలపు చుక్క. 1945 ఫిబ్రవరి మొదట్లో సాయంత్రం పడమటి ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తున ఉండి, ఏప్రిల్ మధ్యకు సూర్యుడి ముందుకొచ్చి, ఆ తర్వాతే వేగుచుక్క అయ్యాడు. డిసెంబరు 22 తెల్లవారుజామున ఆకాశంలో లేనే లేడు. వేరే నక్షత్రమో గ్రహమో ఉదయిస్తోందని అనుకున్నా, ఆకాశంలో ఏ చుక్కయినా 4 నిమిషాలకు డిగ్రీ మాత్రమే కదులుతుంది. రెండు నిమిషాల్లో అర డిగ్రీ. దాన్ని "లేచి వచ్చింది" అనరు.

కంటి మోసం లెక్కలో లేదా అంటే ఉంది. ఇంట్లో చేసి చూడండి. గది తలుపులు, కిటికీలు మూసి సందుల్లోంచి కూడా వెలుగు రాకుండా చేయండి. ఒక్క అగరవత్తి వెలిగించి మూడు మీటర్ల దూరంలో కూర్చుని నిప్పు కొసనే చూడండి. పది సెకన్లు గడిచాక అది పక్కకు జారడం, ఊగడం మొదలుపెడుతుంది. నిప్పు కదలలేదు, ఆనవాలు లేనందువల్ల కన్ను కదలికను నిప్పుకు అంటగడుతోంది. జానెడు ఎడంలో రెండో అగరవత్తి పెట్టండి, ఊగడం బాగా తగ్గుతుంది. 1799లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ టెనెరిఫే ద్వీపంలో నక్షత్రాలు ఊగుతున్నాయని రాసుకున్నది ఇదే. రాత్రి పైలట్లకు ఇది ఎంత ప్రమాదమో 1945లోనే అమెరికా నౌకాదళ వైద్యులు పరిశోధనా పత్రం రాశారు. ముందు విమానం తోక దీపాన్ని పట్టుకుని వెళ్లేవాళ్లు దీపం జరిగిందని తామూ జరిగి దారి తప్పేవారు. అందుకే ఒక్క దీపాన్నే తదేకంగా చూడొద్దు, చూపు మారుస్తూ ఉండాలి, కిటికీ చట్రాన్ని ఆనవాలుగా పెట్టుకోవాలి అని ఇప్పటికీ నేర్పుతారు. అయితే ఈ ఊగడం సాధారణంగా కొన్ని డిగ్రీలే. తోక వెనక నుంచి పక్కకు పోవడం దీని చేతిలో లేదు.

ఇప్పటి పైలట్ అయితే ఇలా చేస్తాడు. ముందు కాక్‌పిట్ దీపాలు తగ్గిస్తాడు. తర్వాత అద్దానికి అరచేయి ఆనించి లోపలి కాంతి అడ్డం పెడతాడు, ప్రతిబింబమైతే పోతుంది. దిక్కు చెప్పకుండా పక్కవాణ్ణి "ఏమన్నా కనబడుతోందా, ఎటు?" అని అడుగుతాడు, ముందే చెబితే వాడూ అదే చూస్తాడు. దిశను 30 డిగ్రీలు మార్చి, వెలుగు దిక్సూచిలో అదే డిగ్రీల మీద ఉందా, విమానంతో పాటు తిరిగిందా చూస్తాడు. ఆ ఒక్క మలుపుతో నక్షత్రాలు, దూరపు దీపాలు ఒక కుప్ప, విమానానికి అంటుకున్నవి ఇంకో కుప్ప అయిపోతాయి. సమయం, ఎత్తు, దిశ, వేగం రాసుకుంటాడు. ఇంకొకటి, ఆక్సిజన్. రాత్రి చూపు 5,000 అడుగుల నుంచే మందగిస్తుంది కాబట్టి అక్కణ్ణుంచే మాస్కు పెట్టుకొమ్మంటారు.

ప్రశ్న: అంతర్వేది వైపు సముద్రం మీద రాత్రిళ్లు నారింజ రంగు వెలుగు కనబడుతుంది. తీరం వెంట బండి మీద వెళ్తుంటే మాతోనే వస్తున్నట్టుంటుంది. కొన్ని రాత్రులు ఆకాశంలో ఉన్నట్టుంటుంది. ఏమిటది? – సఖినేటిపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: కృష్ణా-గోదావరి బేసిన్ తీరం ఇది. సముద్రంలో, ఒడ్డున గ్యాసు మండించే జ్వాలలుంటాయి, రిగ్గుల దీపాలుంటాయి, వేట పడవలుంటాయి. మీరు చూసింది వీటిలో ఏదో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ. కానీ చెప్పినంత మాత్రాన నమ్మకండి, కొలవండి.

మొదటి లెక్క: ఎంత దూరం కనబడుతుంది? ఎత్తును మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టి 3.57తో గుణిస్తే దిగంతం దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఒడ్డున నిలబడ్డ మనిషి కంటికి (1.6 మీటర్లు) నాలుగున్నర కిలోమీటర్లు. నీటికి 60 మీటర్ల ఎత్తున మండే జ్వాలకు దాదాపు 28. రెండూ కలిపితే 32 కిలోమీటర్ల దాకా ఆ జ్వాల నేరుగా కనబడుతుంది. అందుకే చూసే చోటు ఎత్తు పెరిగితే సముద్రంలోంచి వెలుగులు పుట్టుకొస్తాయి. లైట్‌హౌస్ ఎక్కితే మరీను.

పైలట్‌కు ఇదే లెక్క ఎలా పనిచేస్తుందో చూడండి, ఇది చాలామందికి తట్టని సంగతి. 3,000 మీటర్ల ఎత్తులో దిగంతం 195 కిలోమీటర్ల దూరం. ఆ దిగంతం దగ్గరి దీపం అతని కంటి మట్టానికి కిందుగా ఉండేది 2 డిగ్రీల కన్నా తక్కువే, చేయి చాచినప్పుడు రెండు చిటికెన వేళ్ల మందం కూడా ఉండదు. అమావాస్య రాత్రి బంగాళాఖాతం మీద నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. కాబట్టి నూరు కిలోమీటర్ల అవతలి పడవ దీపం "మా ఎత్తులోనే ఎగురుతోంది" అనిపిస్తుంది. వేట పడవల దీపాలు నక్షత్రాల్లా, నక్షత్రాలు పడవల్లా కనిపించి విమానాన్ని ఒరగబెట్టిన సందర్భాలు శిక్షణ పాఠాల్లోనే ఉంటాయి.

వెంట రావడం సంగతి. దూరపు వస్తువు మనం కదిలినా దిక్కు మార్చుకోదు, దగ్గరి కొబ్బరిచెట్లు వెనక్కి పరుగెడతాయి, అందుకని వెలుగు మనతో వస్తోందనిపిస్తుంది. దూరం తేల్చడానికి ఇద్దరు కావాలి. తిన్నగా ఉన్న రోడ్డు, కాలువగట్టు, ఒడ్డు, ఏదైనా పర్లేదు, వెలుగు దానికి అడ్డంగా ఉండాలి. 2 కిలోమీటర్ల ఎడంలో ఇద్దరూ నిలబడి ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఒకే క్షణంలో, వెలుగుకు దగ్గరగా ఉన్న ఒక పెద్ద నక్షత్రానికీ వెలుగుకూ మధ్య ఎన్ని డిగ్రీలో కొలవాలి. చేయి పూర్తిగా చాచితే చిటికెన వేలు 1 డిగ్రీ, పిడికిలి 10, విప్పిన జాన సుమారు 20. ఇద్దరి కొలతల్లో తేడా 11 డిగ్రీలుంటే వెలుగు 10 కిలోమీటర్లలో ఉంది. నాలుగు డిగ్రీలకు దగ్గరుంటే 30. తేడా లేకపోతే చాలా దూరం, లేదా గ్రహమో నక్షత్రమో.

ఇందులో తప్పులెక్కడ వస్తాయంటే, ఎడం చాలకపోవడం దగ్గర. వేళ్లతో కొలిస్తే ఒకటి రెండు డిగ్రీల పొరపాటు సహజం. కాబట్టి ఇద్దరి మధ్య ఎడం, అనుకున్న దూరంలో పదో వంతైనా ఉండాలి. కొందరు నక్షత్రం బదులు సెల్ టవర్ ఆనవాలుగా పెడతారు. టవర్ దగ్గరిది, అదే కదులుతుంది, లెక్క చెడుతుంది. ఫోన్‌లో దిక్సూచి కూడా నమ్మొద్దు. బండి ఇనుము పక్కన అది పది డిగ్రీలు తేలిగ్గా తప్పుతుంది.

ఆకాశంలో ఉన్నట్టు కనబడే రాత్రుల సంగతి మబ్బుతో ముడిపడింది. 20 కిలోమీటర్ల అవతల జ్వాల మండుతోంది, దాని మీద 1,500 మీటర్ల ఎత్తున మబ్బు ఉందనుకోండి. మబ్బు అడుగున పడ్డ ఎర్రటి వెలుగు మీకు 4 డిగ్రీల ఎత్తున కనబడుతుంది. మీ ముందు 300 మీటర్ల అవతల 15 మీటర్ల కొబ్బరితోట ఉంటే అది 3 డిగ్రీల దాకా మూసేస్తుంది. జ్వాల తోట వెనక దాక్కుంటుంది, వెలుగు మరక మాత్రం తోట మీద గాలిలో తేలుతుంది. 1995 జనవరి 8న పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండినప్పుడు కోనసీమ ఈ పాఠం రోజూ రాత్రి చూసింది. మబ్బు ఉన్న రాత్రీ లేని రాత్రీ ఆ వెలుగు ఎంత తేడాగా ఉండేదో పెద్దవాళ్లనడగండి.

ప్రశ్న: సంధ్య వేళ తీగకు గుచ్చినట్టు పది ఇరవై చుక్కలు వరసగా పోయాయి. యుద్ధకాలపు ఫూ ఫైటర్ల వరస ఇదేనా? – రాజోలు

జవాబు: కాదు, అప్పటికి ఉపగ్రహాలే లేవు. మీరు చూసింది కొత్తగా వదిలిన స్టార్‌లింక్ ఉపగ్రహాలై ఉండాలి. సూర్యుడు దిగిన గంట రెండు గంటల్లోనూ, తెల్లవారే ముందు అంతసేపూ కనబడతాయి. మనకు చీకటి, వాటికింకా ఎండ, అదే కారణం. ఒక్కొక్కటి పోతూ పోతూ ఉన్నచోటే మసకబారి ఆరిపోతే భూమి నీడలోకి వెళ్లిందని అర్థం. రాత్రిపూట నైరుతి దిక్కున ఒకే నారింజ చుక్క నిదానంగా ఎత్తుకు ఎక్కితే మాత్రం శ్రీహరికోట ప్రయోగం ఉందేమో చూసుకోండి. అంతర్వేదికి అది సుమారు 330 కిలోమీటర్లు, రాకెట్ నూరు కిలోమీటర్ల ఎత్తుకు చేరేసరికి మనకు సుమారు 15 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

ప్రశ్న: జనవరి, ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణాన కింద ఒక చుక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు మారుస్తోంది. డ్రోనా? – ముమ్మిడివరం

జవాబు: అగస్త్యుడు (కానోపస్ నక్షత్రం). మన డెల్టా 16.5 డిగ్రీల అక్షాంశంలో ఉంది కాబట్టి ఆ నక్షత్రం ఎంత ఎత్తెక్కినా 21 డిగ్రీలు దాటదు, రెండు పిడికిళ్ల ఎత్తు. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకు సరిగ్గా దక్షిణాన ఉంటుంది. అంత కింద చూపు మందపాటి గాలిలోంచి పోవాలి, గాలి పొరలు రంగుల్ని విడదీసి ఊపుతాయి. పైన కాస్త తూర్పుగా మృగవ్యాధుడు (సిరియస్ నక్షత్రం) ఉంటాడు, అదీ మెరుస్తుంది గానీ ఎత్తున ఉంది కాబట్టి రంగులు తక్కువ.

ప్రశ్న: వెలుగును ఫోన్‌లో తీస్తే గుండ్రటి పళ్లెంలా, మధ్యలో మచ్చతో వచ్చింది. కంటికి చుక్కే. ఫోన్ చూసిందే నిజమా? – యానాం

జవాబు: ఫోన్ చీకట్లో ఫోకస్ పట్టలేక వదిలేసింది. ఫోకస్ తప్పిన చుక్క ఏదైనా లెన్సు రంధ్రం ఆకారంలో పళ్లెంగా సాగుతుంది, మచ్చ లెన్సు మీది దుమ్ము. జూమ్ పెంచితే పళ్లెం పెద్దదవుతుంది, వివరం పెరగదు. ముందు దూరాన ఉన్న వీధి దీపం మీద ఫోకస్ పెట్టి తాళం వేయండి, తర్వాత వెలుగు వైపు తిప్పండి. ఫోన్‌ను స్తంభానికో గోడకో ఆనించి 20 సెకన్లయినా వీడియో తీయండి. ఫ్రేములో చెట్టు కొమ్మో ఇంటి చూరో ఉండాలి, అది లేని వీడియోతో ఎవరూ ఏమీ చేయలేరు. వీధి దీపం కూడా ఫ్రేములో పడితే దాని దెయ్యపు ప్రతిబింబం ఒకటి ఫ్రేము నడిమికి అవతలి పక్క తేలుతుంది. ఫోన్‌ను కొద్దిగా తిప్పండి. దీపం ఎడమకు పోతే అది కుడికి పోతుంది, దాంతో పట్టుబడుతుంది.

మాకు రాసేటప్పుడు ఇవి రాయండి: తేదీ, సమయం నిమిషాలతో, నిలబడ్డ చోటు, ఏ దిక్కు, ఎన్ని పిడికిళ్ల ఎత్తు, ఎంతసేపు, రంగు, మబ్బు ఉందా, చివరికి ఆరిందా, దాగిందా, దూరమైందా. "కిలోమీటరు దూరంలో, బస్సంత ఉంది, జెట్ కన్నా వేగం" అని రాయకండి. దూరం ఎలా తెలిసిందో చెప్పలేనప్పుడు మిగతా రెండూ దాని మీద కట్టిన ఊహలే.

ప్రశ్న: పొలాల్లో కొరివి దెయ్యం వెలుగులు బురదలో పుట్టే మీథేన్ మండటం వల్లేనా? – ఆలమూరు

జవాబు: చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది, అంత తేలిక కాదు. వరి మళ్లలో, చెరువు బురదలో మీథేన్ పుడుతుంది, నిజం. కానీ అది దానంతటది అంటుకోదు, నిప్పురవ్వ కావాలి. అంటుకుంటే వేడి తగలాలి, పక్కనున్న గడ్డి కాలాలి. ఈ రోజుల్లో రొయ్యల చెరువు గట్ల మీద ఎల్ఈడీ దీపాలు, కాపలావాళ్ల టార్చీలు ఇన్ని ఉండగా ముందు వాటిని కొట్టివేసుకోవాలి.

ప్రశ్న: 1942లో జపాన్ విమానాలు కాకినాడ మీదికి వచ్చినప్పుడు మా తాతగారు రాత్రి సముద్రం మీద ఎర్రటి వెలుగు చూశారట. అదీ ఈ కోవలోదేనా? – కాకినాడ

జవాబు: కాకినాడ, విశాఖపట్నాల మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న, పగలు. వచ్చినవి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి. ఆ రోజుల్లోనే జపాన్ అడ్మిరల్ ఓజావా నౌకాదళం బంగాళాఖాతంలో ఇరవై దాకా వర్తక ఓడల్ని ముంచింది, వాటిలో కొన్ని మన తీరానికీ ఒడిశా తీరానికీ ఎదురుగానే. కాలే ఓడ దిగంతం కింద ఉన్నా దాని మంట పొగ మీద, మబ్బు మీద పడి ఒడ్డుకు ఎర్రగా కనబడుతుంది, పైన చెప్పిన కొబ్బరితోట లెక్కే. తాతగారు ఏ ఊళ్లో నిలబడి చూశారో, ఎటువైపో, బాంబులకు ముందు రాత్రా తర్వాత రాత్రా ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే రాసి పంపండి. దిక్కు తెలిస్తే మునిగిన ఓడల స్థానాలతో సరిచూడొచ్చు.